గోడకు ఉన్న తలుపులు

పత్తి నిలువచేయు ఊళ్ళలో నిప్పునకు జడియనివారుండరు. ఆదోని జిన్నింగు మిల్లులలోగాని, గోదాములలోగాని ఒక్క నిప్పురవ్వ పడినచో కలుగు నష్టము ఎంతటిదో అక్కడివారికి మేము చెప్పనక్కరలేదు. ఒక కొట్టులో పుట్టిన మంట ప్రక్క కొట్టునకు ప్రాకకుండ నడుమ కట్టు గోడను ఇంగ్లీషున ‘ఫైర్‌వాల్’ అందురు. కంప్యూటరును కాపాడు ఏర్పాటునకు ఈ పేరే సంక్రమించినది. అయితే ఈ గోడకు తలుపులు కలవు. ఏ తలుపు తెరచి ఉండవలెనో, ఏది మూసి ఉండవలెనో చెప్పు నిబంధనలును కలవు. ఆ నిబంధనలు ఎచ్చట ఉండునో, వానిని ఎట్లు చదువవలెనో తెలిసికొందము.

ఈ తలుపులకే ‘పోర్టు’లని పేరు. ప్రతి పోర్టునకు ఒక సంఖ్య కలదు. రేడియో గల ఇండ్లవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. ఆకాశమున అనేక కేంద్రముల ప్రసారములు ఏకకాలమున సాగుచుండును. ముల్లు ఏ అంకెపై నిలిపిన ఆ కేంద్రమే వినవచ్చును. అట్లే ఒకే తీగపై కంప్యూటరునకు వచ్చు సమాచారము పోర్టు సంఖ్యనుబట్టి ఆయా పనులకు చేరును. ఈ సంఖ్యలు 0 మొదలు 65535 వరకు ఉన్నవి. భద్రమైన వెబ్ పుటలకు 443, విండోస్ యంత్రములలో ఫైళ్ళను పలువురు పంచుకొనుటకు 445, దూరముననున్నవారు మన విండోస్ కంప్యూటరును నడుపుటకు 3389 వాడుకలో ఉన్నవి.

తలుపు తెరచి మరచిన ఫలితమును 2017 మే 12న లోకమంతయు చూచినది. ‘వానాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము 445వ పోర్టు ద్వారమున ఒక యంత్రమునుండి మరొక యంత్రమునకు ప్రాకి, ఫైళ్ళను చదువ వీలులేని రీతిగా మార్చి, విడుదలకు సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని దాని వాత పడినవి. ఆ లోపమును సరిదిద్దు సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంవత్సరము మార్చిలోనే విడుదల చేసియుండెను. సవరణ వేసికొనక, ఆ తలుపు తెరచి ఉంచిన యంత్రములే దానికి దారి ఇచ్చినవి.

ఎమ్మిగనూరు అనగనే 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేతకారుల సహకార సంఘము జ్ఞప్తికి వచ్చును. ఆనాటి నూలు లెక్కలు, కూలి లెక్కలు చిట్టాపుస్తకములలో ఉండెడివి. నేడు చిన్న వస్త్ర దుకాణమువారి లెక్కలును కంప్యూటరులోనికి చేరినవి. అట్టి దుకాణము నొకదానిని ఊహింతము. లెక్కల ప్రోగ్రాము మొరాయింపగా, కర్నూలునుండియే దానిని సరిచేయుటకై నిపుణుడొకడు 3389వ తలుపు తెరపించెను. పని ఒక పూటలో ముగిసినది. తలుపును మూయుట ఎవరికిని తోచలేదు. నేతగాండ్రకు ఇయ్యవలసిన కూలి, అరువుపై పోయిన చీరల వివరము, అన్నియు ఆ తలుపు వెనుకనే ఉన్నవి.

దీనిని వెదకుటకు రెండు చోట్లు చూడవలెను. మొదటిది వీధివాకిలి వంటి రూటరు. ఆ పెట్టె అడుగున అతికించిన చీటీలో దాని చిరునామా ఉండును. పెక్కింటికి అది 192.168.1.1. దానిని బ్రౌజరులో వ్రాసి లోపలికి పోయినచో ‘ఫైర్‌వాల్’ అను శీర్షిక కనబడును. కాని తెరచిన తలుపుల పట్టిక తరచుగా అచ్చట ఉండదు. ‘పోర్ట్ ఫార్వర్డింగ్’, ‘వర్చువల్ సర్వర్’, ‘నాట్’ అను శీర్షికలలో ఒకదాని క్రింద ఉండును.

రెండవది లోపలి గది తలుపు వంటి విండోస్ ఫైర్‌వాల్. స్టార్ట్ గడిలో ‘డబ్ల్యూఎఫ్ డాట్ ఎంఎస్‌సి’ అను అక్షరములను ఇంగ్లీషున వ్రాసినచో దాని నిర్వహణ పుట తెరచుకొనును. ఎడమవైపు ‘ఇన్‌బౌండ్ రూల్స్’ అనగా లోనికి వచ్చువానిపై నిబంధనలు. పట్టిక చాల పొడవైనది. కుడివైపున అమలులో ఉన్నవానిని మాత్రమే చూపుమని కోరి, పిమ్మట ‘లోకల్ పోర్ట్’ అను శీర్షికను నొక్కినచో వరుసలు పోర్టు సంఖ్యనుబట్టి అమరును. ఆకుపచ్చ గుర్తు అనుమతికి, ఎఱ్ఱ గుర్తు నిషేధమునకు చిహ్నములు. ‘రిమోట్ అడ్రస్’ గడిలో ‘ఎనీ’ అని ఉన్నచో ఎచ్చటినుండి ఎవరు వచ్చినను అనుమతి కలదని అర్థము. పోర్టు గడిలోనే ‘ఎనీ’ అని ఉన్న వరుసలును కలవు. అవి సంఖ్యతో వెదకిన దొరకవు. వానిని వేరుగా చదువవలెను.

పెద్ద కార్యాలయముల ఫైర్‌వాల్‌లలో మరొక చిక్కు కలదు. అచ్చట 3389 అను సంఖ్యకు బదులు ‘ఆర్‌డిపి’ అను పేరు ‘సర్వీస్’ గడిలో ఉండవచ్చును. సంఖ్య కనబడలేదని తలుపు లేదనుకొనరాదు. పెక్కింటిలో నిబంధనలు పైనుండి క్రిందికి చదువబడి, మొదట సరిపడినదే చెల్లును. కావున నిషేధము క్రింద ఉండి అనుమతి పైన ఉన్నచో నిషేధము వృథా. విండోస్ ఫైర్‌వాల్‌లో అట్లు కాదు. ఒకే రాకకు రెండును వర్తించినపుడు సాధారణముగా నిషేధమే నెగ్గును.

అనుమానించిన నిబంధనను వెంటనే తుడిచివేయవలదు. ‘డిజేబుల్’ చేసి, కొన్ని దినములు పనులు సాగుచున్నవో లేవో గమనించి, పిమ్మట తీసివేయవచ్చును. కొత్తది వ్రాయునపుడు వివరణ గడిలో ఎవరికొఱకు, ఏ పనికి, ఏ తేదీవరకు అను మూడు మాటలు చేర్చుట మేలు. ఎమ్మిగనూరు దుకాణమువారు ఆ మూడు మాటలు వ్రాయించియున్నచో, మరునాడు లెక్కలు చూచు గుమాస్తాయే ఆ తలుపు మూసియుండును.