ఎముక పట్టే దాకా

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఏ ఊరికి పోయినా పళ్ల దవాఖానాల బోర్డులకు ఇప్పుడు కొదవ లేదు. కదలని పళ్లు, రెండు మూడు రోజుల్లో నోటినిండా పళ్లు అంటూ ఊరిస్తుంటాయి. అందులో అబద్ధం లేదు గానీ, చెప్పింది సగమే. రెండు మూడు రోజుల్లో అయిపోయేది డాక్టరు పని. దవడలో దిగిన టైటానియం స్క్రూ (ఇంప్లాంట్) పని అప్పుడే మొదలవుతుంది. అది ఫ్యాక్టరీలో సగమే తయారై వస్తుంది. మిగతా సగం పేషెంటు ఎముకలో, నెలల తరబడి తయారవుతుంది.

ఊడిన పన్ను స్థానంలో ఇంకోటి నాటాలన్న ఆశ పాతదే. 1931లో హోండురాస్‌లో సుమారు 1300 ఏళ్ల నాటి మాయా దవడ ఒకటి తవ్వకాల్లో దొరికింది. కింది ముందు పళ్ల చోట ఆల్చిప్ప ముక్కలు మూడు బిగించి ఉన్నాయి. తర్వాత బంగారం, ప్లాటినం, 1930ల్లో అమెరికాలో వైటాలియం అనే మిశ్రలోహం, ఇలా చాలా ప్రయత్నాలు జరిగాయి. ఎక్కువ భాగం ఒకే రకంగా దెబ్బతిన్నాయి. శరీరం ఆ లోహాన్ని పరాయిదిగానే చూసి, చుట్టూ మెత్తటి పొర కట్టి వెలివేసేది. పొర కడితే స్క్రూ ఊగుతుంది, ఊగితే చీము పడుతుంది, చివరికి పీకేయాల్సి వస్తుంది.

ఈ కథను మలుపు తిప్పినాయన అసలు పళ్ల డాక్టరే కాదు. స్వీడన్‌కు చెందిన పెర్‌ ఇంగ్వార్ బ్రనేమార్క్ 1952లో లుండ్ విశ్వవిద్యాలయంలో, ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడాలని కుందేళ్ల కాళ్లలో చిన్న టైటానియం గొట్టాలు అమర్చాడు. అవి ఖరీదైనవి. ప్రయోగం అయ్యాక తీసి మళ్లీ వాడుకుందామంటే ఊడిరాలేదు. ఎముక వాటిని పట్టేసింది, మధ్యలో పొర లేదు. ఇంకొకరైతే గొట్టాలు పాడయ్యాయని విసుక్కుని ఊరుకునేవారు. ఆయన ఏళ్ల తరబడి ఆ పట్టు వెంటే పడ్డాడు. 1965లో, పుట్టుకతోనే దవడ లోపమున్న గోస్టా లార్సన్ కింది దవడలో నాలుగు స్క్రూలు దించాడు. 2006లో లార్సన్ చనిపోయే దాకా, నలభై ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. అయినా స్వదేశంలో దంత వైద్యులు చాలాకాలం బ్రనేమార్క్‌ను నమ్మలేదు. 1982లో టొరంటోలో జరిగిన సమావేశంలో ఏళ్ల నాటి లెక్కలన్నీ ముందు పెట్టాకే ప్రపంచం ఒప్పుకుంది.

టైటానియం గొప్పతనమంతా దాని తుప్పులో ఉంది. గాలి తగలగానే లోహం మీద కొన్ని నానోమీటర్ల మందాన ఆక్సైడ్ పొర కమ్ముకుంటుంది. గీరితే మళ్లీ కమ్ముకుంటుంది. ఎముక కణాలకు ఎదురయ్యేది లోహం కాదు, ఆ పొర. దాని మీద వాటికి పేచీ లేదు. ఈ లోహం మనకూ పరాయిది కాదు. భీమునిపట్నం తీరపు నల్ల ఇసుకలో ఇల్మెనైట్‌ రూపంలో ఉంది. ఖనిజం నుంచి టైటానియం స్పాంజి తీసే పరిజ్ఞానాన్ని హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనాలయం అభివృద్ధి చేసింది. ఆ పక్కనే మిధాని సంస్థ టైటానియం మిశ్రలోహాలు తయారుచేస్తుంది.

మొదట చెప్పిన ఊళ్లున్న ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఎముక, పన్ను అనగానే వాటిని దెబ్బతీసే ఫ్లోరైడ్ గుర్తుకు రాక మానదు. పటిక, సున్నం వేసి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ ఈ జిల్లా పేరే పెట్టింది. అయితే పళ్లన్నీ ఊడేదాకా తెచ్చేవి మామూలుగా చిగుళ్ల జబ్బు, పుచ్చు, వాటికి తోడు షుగరు, తంబాకు. ఫ్లోరైడ్ విషయంలో ఒక వింత కూడా ఉంది. ఎముక తొందరగా పట్టాలని స్వీడన్ కంపెనీ ఆస్ట్రా టెక్ తన ఇంప్లాంట్ల ఉపరితలంలో రవ్వంత ఫ్లోరైడే వాడింది. మోతాదు మారితే అదే పదార్థం ఎంతలా మారిపోతుందో!

ఇక కుర్చీలో ఏం జరుగుతుందో చూద్దాం. ఎముకకు వేడి పడదు. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే చాలు, అక్కడి ఎముక దెబ్బతింటుందని 1983లో ఎరిక్సన్, ఆల్‌బ్రెక్ట్‌సన్ చూపించారు. అందుకే డ్రిల్లు తిరుగుతున్నంతసేపూ సెలైన్ ధార పోస్తూనే ఉంటారు. సన్న డ్రిల్లుతో మొదలుపెట్టి ఒక్కో సైజూ పెంచుతారు. ఆఖరి రంధ్రాన్ని స్క్రూ కంటే కాస్త ఇరుకుగానే వదులుతారు. నాలుగు మిల్లీమీటర్ల లావు స్క్రూను ర్యాచెట్‌తో తిప్పుతుంటే ఎముక కరిచి పట్టుకుంటుంది. ఆ బిగువు 35 న్యూటన్ సెంటీమీటర్ల దాకా వస్తేనే చాలామంది సర్జన్లు వెంటనే పళ్లు తగిలించడానికి ఒప్పుకుంటారు.

బ్రనేమార్క్ అయితే వెంటనే ఒప్పుకునేవాడే కాదు. స్క్రూలను చిగురు కింద కప్పెట్టి, కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు ఆగమనేవాడు. పోర్చుగల్ డాక్టరు పావ్లో మాలో 1990ల్లో ఆ గడువును తిరగరాశాడు. దవడకు నాలుగే స్క్రూలు. ముందు రెండూ నిలువుగా, వెనక రెండూ ఏటవాలుగా. నాలుగింటినీ కలిపి అక్రిలిక్ పళ్ల వరుసను అదే రోజు బిగించేశాడు. పందిరి గుంజలను పైన వాసాలతో కట్టేస్తే ఒక్కటీ ఊగనట్టే, ఒకదానికొకటి కట్టుబడ్డ స్క్రూలు నమిలేటప్పుడు విడివిడిగా కదలవు. దాదాపు 150 మైక్రాన్లకు మించి కదిలితే ఎముకకు బదులు ఆ పాత మెత్తటి పొరే మళ్లీ కడుతుంది.

ఇంటికి వచ్చాక మొదటి మూడు రోజులూ అందరికీ భయమే. వాపు రెండో రోజుకో మూడో రోజుకో బాగా పెరిగి, ఆపైన తీస్తుంది. పెద్దవయసు వాళ్లలో కమిలిన రంగు మెడ దాకా దిగుతుంది. చూడటానికి ఘోరంగా ఉంటుంది గానీ దానంతటదే పోతుంది. మొదటి రోజు చెంప మీద ఐస్, తల కింద ఎత్తు, ఉమ్మకపోవడం, స్ట్రాతో పీల్చకపోవడం. ఉప్పునీళ్ల పుక్కిలింత మర్నాటి నుంచే. పై దవడకైతే ముక్కు గట్టిగా చీదకూడదు. కింది పెదవి మొద్దుబారి మత్తు దిగాల్సిన వేళకూ దిగకపోతే, నాలుగోనాటి దాకా చూద్దాంలే అనుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఎత్తి చూపాల్సింది ఇంకొకటుంది. కోదాడ నుంచి విజయవాడకో హైదరాబాద్‌కో వెళ్లి చేయించుకున్నవాళ్లు కుట్లు తీసే రోజునూ ఖర్చు లెక్కలో వేసుకోవాలి. బస్సు దూరమని మానేసే చెకప్‌లే తర్వాత మెడకు చుట్టుకుంటాయి.

పదిరోజులకు నొప్పి పోతుంది. నాకు తెలిసి అసలు ప్రమాదం అక్కడుంది. ఆపరేషన్ నాటి బిగువు పాత ఎముకది. నలిగిన ఆ ఎముకను శరీరం మెల్లగా కరిగించి, దాని చోట కొత్తది కడుతుంది. పాతది పోవడం, కొత్తది రావడం ఒక్క లెక్కన జరగవు. దాంతో మూడు, నాలుగు వారాల ప్రాంతంలో స్క్రూ మొదటిరోజు కంటే వదులుగా ఉంటుంది. పేషెంటుకు మాత్రం అప్పటికి ఏ బాధా తెలియదు. సరిగ్గా ఆ వారాల్లోనే ఏ పెళ్లి భోజనమో, సంక్రాంతి సకినాలో ఎదురవుతాయి. బాగానే ఉంది కదా అని కొరుకుతారు.

రెండు వేళ్ల మధ్య నలిగేదే తినాలని ఒక కొలత పెట్టుకుంటే సరిపోతుంది. జావ, గటక, మెత్తగా వండిన అన్నంలో పప్పుచారు, ఇడ్లీ, ఉడికిన గుడ్డు, పెరుగు. జొన్న రొట్టె, మటన్ ముక్క, వక్క మూడు నాలుగు నెలలు ఆగాలి. బీడీ, చుట్ట, గుట్కా అయితే ఆగడం కాదు, మానడమే. నికోటిన్ రక్తనాళాలను బిగపడుతుంది, కొత్త ఎముకకు రక్తం అందదు. షుగరు అదుపులో లేకున్నా అంతే.

పట్టు కుదిరాక అక్రిలిక్ వరుస తీసి పక్కా పళ్లు బిగిస్తారు. అయినా ఈ పళ్లకు స్పర్శ తక్కువ. సొంత పన్నుకు ఎముకకూ వేరుకూ మధ్య నరాలున్న సన్నటి పరుపు ఉంటుంది. అన్నంలో ఇసుక రేణువు తగిలినా దవడ టక్కున ఆగిపోతుంది. స్క్రూకు ఆ పరుపు లేదు, రాయి తగిలిందని తెలిసేసరికి పింగాణీ పెచ్చు లేచిపోవచ్చు. మిర్యాలగూడ బియ్యం మిల్లుల్లో రాళ్లు ఏరే మిషన్లకు వంక పెట్టాల్సిన పనిలేదు గానీ, ఇంట్లో కందిపప్పు ఏరడం మాత్రం మానొద్దు.

చీము పట్టినా ఇక్కడ నొప్పి ఆలస్యంగానే తెలుస్తుంది. చిగురు అంచున రక్తమో, చెడు వాసనో కనపడితే చూపించుకోవాలి. మెత్తటి బ్రష్షు, పళ్ల వరుస కింద దూరే చిన్న బ్రష్షు వాడాలి. బొగ్గు, ఇటుక పొడి వద్దు. ఆరు నెలలకో ఏడాదికో డాక్టరు వరుసను పట్టి ఉంచే చిన్న స్క్రూలు విప్పి, వరుస మొత్తం తీసి శుభ్రం చేసి బిగిస్తారు. ఒక్కో కంపెనీ స్క్రూకు ఒక్కో తాళంచెవిలాంటి పనిముట్టు ఉంటుంది. సూర్యాపేటలో వేయించుకుని పిల్లల దగ్గర హైదరాబాద్‌లో ఉండిపోయినవాళ్లకు అక్కడి డాక్టరు మొదట అడిగేది ఏ కంపెనీ స్క్రూ అనే. కాబట్టి కుట్లు తీయించుకున్న రోజునే ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, బ్యాచ్ నంబరు ఉన్న కార్డు అడిగి తీసుకుని ఆధార్ కార్డుతో పాటు దాచుకోవాలి.