బిడ్డ దక్కని కాన్పు తర్వాత

ప్యాపిలి చుట్టుపక్కల పల్లెల్లో కాన్పు కష్టమైందంటే 44వ జాతీయ రహదారి ఎక్కి డోన్‌కు పోవాలి, అక్కడా కాదంటే కర్నూలు పెద్దాసుపత్రికి. 108 బండిలో నొప్పులు పడే మనిషి, పక్కన వాళ్లమ్మ, సంచిలో పాత చీర చింపిన మెత్తటి గుడ్డలు. వచ్చేటప్పుడు ఒడిలో బిడ్డ ఉంటే ఊరంతా పలకరిస్తుంది. లేకపోతే ఏం మాట్లాడాలో ఎవరికీ తోచదు. "ఊరుకో పాపా, చిన్న వయసు, మళ్లీ నిలుస్తాది" అంటారు. ప్రేమతోనే అంటారు. అయితే ఆ మాటతో ఆ సంగతి అక్కడితో సరి. ఇక ఆమె ఆ బిడ్డ గురించి ఎత్తడానికి లేదు.

ఇది ఎక్కడో ఒకరికి జరిగేది కాదు. నెల తప్పిందని తెలిశాక కూడా నూటికి పది, పదిహేను గర్భాలు నిలవవు. వాటిలో ఎక్కువ భాగం తొలి మూడు నెలల్లోనే పోతాయి. దాదాపు సగానికి కారణం పిండంలో క్రోమోజోముల తేడా. బిందె ఎత్తడం, గ్రహణం నాడు బయటికి రావడం కాదు. ఈ ఒక్క ముక్క అత్తగారి ఎదుట నర్సమ్మ నోటి నుంచి వస్తే సగం నింద అక్కడే పోతుంది.

నెలలు నిండుతుండగా పోయేవి వేరే లెక్క. 28 వారాలు దాటాక ప్రాణం లేకుండా పుట్టే బిడ్డలు ప్రపంచంలో ఏటా సుమారు 19 లక్షలు. దేశాల్లో మనదే పెద్ద సంఖ్య. ఈ 19 లక్షల మందిలో నూటికి 40 మందికి పైగా నొప్పులు మొదలయ్యాకే పోతున్నారు. వేళకు సరైన వైద్యం అందితే చాలామంది దక్కేవాళ్లే.

మంత్రసాని పని ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలని సామెత. మోటు సామెతే గాని ఈ వృత్తికి సరిగ్గా సరిపోతుంది. అర్హత ఉన్న నర్సులకు 18 నెలల శిక్షణ ఇచ్చి మిడ్‌వైఫ్‌లుగా తయారుచేయడానికి కేంద్రం 2018 డిసెంబరులో మార్గదర్శకాలు తెచ్చింది. తెలంగాణ అంతకు ఏడాది ముందే, డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ నడిపే ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌లతో కలిసి ఆ దారి పట్టింది. చర్చంతా సిజేరియన్లు తగ్గించడం మీదే సాగింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో కోత కాన్పులు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం అని తేలాక అది సహజమే. కానీ బిడ్డ లేకుండా ముగిసే కాన్పులో మిడ్‌వైఫ్ ఏం చేయాలన్న మాట మన దగ్గర ఇంకా గట్టిగా వినిపించడం లేదు.

ఆ పని స్కానింగ్ గదిలోనే మొదలవుతుంది. కబురు ముందు బయట నిలబడ్డ మగవాళ్లకు చేరి, పడుకున్న మనిషికి చివర్లో తెలిసే తీరు మనకు కొత్త కాదు. శిక్షణ పొందిన మనిషైతే మంచం పక్కన కూర్చుని, భర్తనో తల్లినో లోపలికి పిలిచి, ఆమెకే చెబుతుంది: "అమ్మా, బిడ్డ గుండె ఆగిపోయింది." 'ఏదో తేడాగా ఉంది, కర్నూలుకు పోండి' అనడం కంటే ఇది కష్టం. ఆ తర్వాత నొప్పులు మాత్రం అందరికీ వచ్చినట్టే వస్తాయి. కాబట్టి నొప్పి తగ్గించే మందు కావాలి, మనిషి తోడు కావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు వేళ పక్కన ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2016లోనే చెప్పింది.

కాన్పయ్యాక మంచం ఎక్కడ వేస్తారన్నదీ వైద్యమే. పసిబిడ్డల ఏడుపుల మధ్య ఆమెను పడుకోబెట్టకూడదు. వేరే గది లేకపోతే కనీసం ఒక మూల, ఒక తెర. బిడ్డను చూస్తావా అని అడగాలి, వద్దంటే కాసేపాగి మరోసారి అడగాలి, అంతకు మించి బలవంతం చేయకూడదు. మన పెద్దలు చూస్తే బెంగ పెట్టుకుంటుందని గబగబా తీసుకుపోయి పూడ్చిపెడతారు. వాళ్ల భయం అర్థం కానిదేం కాదు, కానీ అడగాల్సింది ఆమెనే.

బ్రిటన్‌లో 1978 నుంచి పనిచేస్తున్న శాండ్స్ అనే సంస్థ ఒత్తిడితో ఈ పద్ధతులకు బలం వచ్చింది. అక్కడ చాలా ఆసుపత్రుల్లో ఇందుకోసమే మిడ్‌వైఫ్‌లు ఉంటారు, బిడ్డ పాదాల ముద్రలు తీసి ఇస్తారు. మన దగ్గర 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం, బతికే దశకు చేరని పిండం పసుపు సంచిలోకి పోతుంది. రోగాలు ప్రబలకుండా పెట్టిన నిబంధన అది. దాన్ని ఇంటివాళ్లకు ముందుగా, మెత్తగా చెప్పే మనిషి ఉండాలి.

మూడో రోజు ఇంకో దెబ్బ. నాలుగైదు నెలలు దాటిన గర్భమైతే పాలు పడతాయి. రొమ్ములు గట్టిపడి, రవిక తడిసిపోయి, ఇదేమిటని అడగడానికి కూడా ఆమెకు సిగ్గు. ఇంటికి పంపేటప్పుడే చెప్పాలి: గట్టిగా పిండకూడదు, చల్లని తడిగుడ్డ వేసుకోవాలి, బాధ ఎక్కువైతే డాక్టరు మాత్రలు ఇస్తారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలోని 'ధాత్రి' లాంటి తల్లిపాల బ్యాంకులు ఉన్నచోట, కావాలనుకుంటే దానం చేయవచ్చు. జ్వరం, ఎక్కువ రక్తస్రావం, దుర్వాసన ఉంటే ఆలస్యం చేయకూడదు. నెగెటివ్ గ్రూపు రక్తమైతే యాంటీ-డి సూది అవసరమేమో 72 గంటల్లోపే చూసుకోవాలి.

ఇంటికొచ్చాక ఎవరు చూస్తారు? ఆశా కార్యకర్తకు ఇంటికి వచ్చి పసిబిడ్డను చూసినందుకు 250 రూపాయలు వస్తాయి. ఆ లెక్క బిడ్డది. బిడ్డ లేని గడప ఎక్కడం ఆమె మంచితనం మీద ఆధారపడుతోంది, అది సరికాదు. ఆ గడపకు కూడా లెక్క కట్టాలి. సెలవు సంగతీ అంతే. గర్భం పోతే ఆరు వారాల జీతంతో సెలవని చట్టం చెబుతోంది. టమోటా కోతకు, వేరుశనగ పీకడానికి పోయే కూలి మనిషికి ఆ సెలవిచ్చే యజమాని ఎవరు?

మగవాళ్ల మాట మరీ ఎవరూ ఎత్తరు. గుంత తవ్వింది, ఆటో మాట్లాడింది, బిల్లు కట్టింది భర్తే. నిద్ర పట్టకపోతే, మనసు కుదుటపడకపోతే భార్యాభర్తలిద్దరూ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు. డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడతారు.

మళ్లీ నెల తప్పినప్పుడు సంతోషం కంటే భయమే ముందు వస్తుంది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో 'ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్' కింద గర్భిణులకు ఉచిత పరీక్షలు జరుగుతాయి. వెళ్లేటప్పుడు పాత డిశ్చార్జి కాగితం, స్కానింగు రిపోర్టులు వెంట ఉండాలి. బీపీ వల్లా, షుగరు వల్లా, ఇన్ఫెక్షన్ వల్లా అన్నది వాటిలో ఉంటే డాక్టరు ఈసారి దేన్ని కనిపెట్టుకుని ఉండాలో తేల్చుకోగలరు. చాలా ఇళ్లలో ఆ కాగితాలను, కళ్ల ముందుంటే బాధని, మొదట్లోనే చింపి పారేస్తారు. ఇంటికి పంపే రోజు నర్సు వాటిని ఒక కవరులో పెట్టి, "ఇది దాచు తల్లీ, పనికొస్తుంది" అని చేతికిస్తే అవి నిలుస్తాయి.