మాలపల్లిలో కులాంతరానురాగము

భిన్నకులములఁ బుట్టిన యువతీయువకుల తొలివలపు తెలుఁగు నవలలో నెప్పుడు కథావస్తువయ్యెనని విచారించువారు ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి'ని ముందుగా విప్పి చూచుట సహజము. గ్రంథకర్త 1877 లో నాఁటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున జన్మించెను. పల్నాటి పుల్లరి సత్యాగ్రహమునఁ జెఱసాలకేఁగి, యచ్చట నీ నవలను రచించెను. ఇది 1922 లో వెలువడెను. సంగవిజయ మని దీనికి నామాంతరము.

వెదకఁబోయిన ప్రణయము మాత్ర మిందుఁ గానరాదు. జ్యోతికిని అప్పాదాసునకును నడుమ మొలకెత్తినది నిక్కముగాఁ దొలివలపే; కాని యిరువురు నొక్క కులమువారే. చౌదరయ్య కోడలు కమల మోహనరావుతో నిల్లు వీడుట వేఱొక కథ. మంగళాపురమునఁ గులపు గట్టు దాఁటినది స్నేహము. భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుఁడు, ఆ యింటి పాలేరు సంగదాసు, వీరిద్దఱి మైత్రియే నవలకు మూలకందము.

ఈ యెన్నిక యాదృచ్ఛికముగాఁ దోఁపదు. పడుచువాండ్ర వలపును యౌవనచాపల్యమని పెద్దలు కొట్టివేయఁగలరు. పాలేరుతోడి చెలిమి నట్లు కొట్టివేయ వీలులేదు. అది కూలిమాటకు, కళ్లములోని గింజలకు, కడకు భూమి యెవరిదను ప్రశ్నకు దారితీయును. సంగదాసు కూలివారి పక్షమున నిలిచెను. చౌదరయ్య గునపముతోఁ గొట్టి వానిఁ జంపెను. ఆఁడుబిడ్డపైఁ గన్నువేసెనన్న నేరము వానిపై లేదు. అట్టి నేరమే యున్నచో పాఠకులలోఁ గొందఱైనను చౌదరయ్య కోపమునకు సాకు వెదకియుందురు. ఆ సాకును గ్రంథకర్త ముందే తీసివేసెను.

లోపము లేకపోలేదు. గట్టు దాఁటు భాగ్యము పురుషులకే దక్కెను. జ్యోతికిఁ గాని కమలకుఁ గాని యట్టి చెలిమి యొకటి లేదు. స్త్రీ మతకులముల హద్దు దాఁటు కథకై పాఠకుఁడు 1927 నాఁటి చలముగారి 'మైదానము' వఱకు వేచియుండవలెను. అందును రాజేశ్వరి యదివఱకే యొక వకీలు భార్య. అమీరుతోడి యనురాగమును బెండ్లికి ముందటి ముగ్ధప్రేమ యనరాదు.

మదరాసు ప్రభుత్వము రెండుమాఱులు 'మాలపల్లి'ని నిషేధించినది. అందలి వలపులఁ జూచి దొరలు జడిసిరని యెవ్వరు ననరు. 1937 లోఁ గాంగ్రెసు మంత్రివర్గ మేర్పడిన పిమ్మటఁ గాని యా నిషేధము తొలఁగలేదు.