పొలం అమ్ముతున్నారా? ముందు దూరం చూసుకోండి

హఫీజ్‌పేట్‌ను చూడండి. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ లేచింది. 2007లో శేరిలింగంపల్లి మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. ఊరు కదల్లేదు, పట్నమే ఊరి మీదికి వచ్చింది. రేపు మీ ఊరికీ రావచ్చు.

ధర పెరిగితే బేరగాళ్లు ఇంటి చుట్టూ తిరుగుతారు. ‘సాగు భూమి అమ్మితే పన్ను లేదు’ అంటారు. అది సగమే నిజం. మున్సిపల్ హద్దులోని భూమికి ఆదాయపు పన్ను వర్తిస్తుంది. హద్దు బయట ఉన్నా, పట్టణ జనాభా 10 వేలు దాటితే 2 కిలోమీటర్లు, లక్ష దాటితే 6, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల దాకా వర్తిస్తుంది. దూరాన్ని రోడ్డు వెంట కాదు, సూటిగా కొలుస్తారు.

తప్పించుకునే దారీ చట్టంలోనే ఉంది. అమ్మడానికి ముందు రెండేళ్లు మీరు గాని, మీ తల్లిదండ్రులు గాని ఆ భూమి సాగు చేసి ఉండాలి. వచ్చిన లాభంతో రెండేళ్లలోపు వేరే సాగు భూమి కొనాలి. ఆలోగా రిటర్ను గడువు వస్తే, మిగిలిన లాభం సొమ్మును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. కొన్న భూమిని మూడేళ్లు అమ్మరాదు.

అందుకే పహాణీలు భద్రపరచుకోండి. బయానా పుచ్చుకోకముందే ఆడిటరును అడగండి. సొమ్ము ఖర్చయ్యాక నోటీసు వస్తే పొలమూ ఉండదు, పైకమూ ఉండదు.