సెకండ్‌హాండు పుష్పకం

"అమ్మా, విమానం ఎక్కుదువుగాని, రా" అన్నది మా అమ్మాయి, మెంఫిస్ చూడడానికి వెళ్ళిన రోజున. విమానంలోనేగా అమెరికా వచ్చాను, మళ్ళీ ఎందుకనుకొన్నాను. తీరా చూస్తే అది ఎగరని విమానం! పాటగాడు ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌లాండ్‌కు ఎదురుగా, రోడ్డుకు అవతల నిలబెట్టి ఉంది.

ప్రెస్లీ దాన్ని 1975 ఏప్రిల్‌లో కొన్నాడు. కొత్తది కాదు సుమండీ! అంతకుముందు డెల్టా కంపెనీవారు ప్రయాణికుల్ని తిప్పిన కాన్వేర్ 880. ధర రెండున్నర లక్షల డాలర్లు. నాలుగు ఇంజన్ల జెట్ విమానం అంత చవకగా ఎలా వచ్చిందంటారా? సెకనుకు 880 అడుగుల వేగమని దానికా పేరు. వేగం మాట సరే, చమురు తాగడంలో అగస్త్యుడు! ఆ రకం విమానాలు మొత్తం 65 మాత్రమే తయారైనాయి. 1973లో చమురు ధరలు మండిపోయాక వాటిని పోషించే కంపెనీలు కరువైనాయి. ఏనుగు చవకే, మేతే ప్రియం.

కొన్న ధరకంటె బాగుచేయించడానికే ఎక్కువైంది. వందమంది దాకా పట్టే చోటును 28 మందికి కుదించారు. లోపల సమావేశాల గది, పడకగది, బంగారు తునకలు మెరిసే వాష్‌బేసిన్లు, ఆకాశంలోంచి మాట్లాడడానికి టెలిఫోను. పడకమంచానికి కూడా బెల్టు! మొత్తం ఖర్చు ఆరు లక్షల డాలర్లు దాటింది. 1976లో ఒక రాత్రి, కేవలం శాండ్‌విచ్‌లు తినడానికి మిత్రులతో డెన్వర్ దాకా ఎగిరి వెళ్ళాడంటే ఆ సరదా ఎటువంటిదో ఊహించుకోండి.

దిగి వచ్చి ముక్కు దగ్గర వ్రాసిన పేరు చదివాను. "లీసా మేరీ". అప్పటికి ఏడేళ్ళ కూతురు పేరది.

అంతవరకూ నవ్వుతూ చూస్తున్నదాన్ని, ఇక నవ్వలేకపోయాను.

అదే 1975లో మావారు ఒక పాత అంబాసిడర్ కొన్నారు. బేరం కలిసివచ్చిందని ఒకటే సంబరం! నెల తిరక్కుండా గేరుబాక్సు పోయింది. ఆ వెనుక రేడియేటరు. నా గాజులు తాకట్టుకు వెళ్ళాయి. అయినా సీట్లకు ఎర్ర రెక్సిను వేయించారు, "అమ్మాయి కూర్చునేది కదుటే" అంటూ. ఆదివారం సాయంత్రాలు దాన్ని పక్కన కూర్చోబెట్టుకొని కాలువగట్టు దాకా వెళ్ళివచ్చేవారు. పెట్రోలు లెక్కలు చూపించి సాధించి, రెండేళ్ళకు నేనే అమ్మించాను. ఆయన మారుమాట్లాడలేదు.

ప్రెస్లీ ఆ విమానం కొన్న రెండేళ్ళ నాలుగు నెలలకే, 1977 ఆగస్టులో, 42 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. కూతురికి తొమ్మిదేళ్ళు. మరుసటి ఏడు తండ్రి వెర్నన్ విమానాన్ని అమ్మేశాడు. 1984లో అది మళ్ళీ గ్రేస్‌లాండ్ చేరింది. పేరుగల ఆ కూతురు కూడా 2023లో వెళ్ళిపోయింది. పేరు మాత్రం అలాగే ఉంది.

మావారు పోయి పదేళ్ళు. తిరిగి వస్తూంటే కారులో అడిగాను, "నాన్నగారి అంబాసిడర్ జ్ఞాపకముందిటే?" అని.

"ఎర్ర సీట్లు!" అన్నది వెంటనే.

ఎంతకు కొన్నారని గాని, ఎంతకు అమ్మారని గాని అది అడగలేదు. నేనూ చెప్పలేదు.