పది వేల లోపు కెమెరా: కొనేముందు ఏం సూడాలె

ఒక మాట ముందుగాల్నే చెప్తున్న. ఇంట్ల ఇరవై వేల ఫోను ఉండి, అది ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ చేతికొస్తదంటే, పది వేల లోపు చిన్న డిజిటల్ కెమెరా కొనకుండ్రి. పగటి ఎండల, ఇంట్ల ట్యూబులైటు కింద, నలుగురు కూసున్న ఫొటో ఆ ఫోనే మంచిగ తీస్తది. కెమెరాలు అమ్మెటోళ్లు ఈ మాట చెప్పరు. నేను కోడేరు సుట్టుముట్టు ఊర్లల్ల పెండ్లిళ్లు, ఒడిబియ్యాలు, పుట్టెంటికల ఫొటోలు తీసి బతికెటోన్ని. నాకు అమ్మేది ఏం లేదు.

అయినా చిన్న కెమెరాతోని పని ఉన్నోళ్లు ఉన్నరు. మా అక్క బిడ్డ ఇంటర్ చదువుతున్నది. ఫొటోలు తీసుడు నేర్పు మామా అని రెండేండ్ల సంది నా ఎంబడి పడ్తున్నది. వాళ్లింట్ల ఉన్నది ఒక్కటే మంచి ఫోను. అది మా బావ అంగి జేబుల ఉంటది, ఆయన పొద్దుగాల పోతె రాత్రికి వస్తడు. బిడ్డకు ఇంకోటి కొనియ్యి బావా అంటే, చదువు పాడైతది అంటడు. ఆ సంగతి మీద మా ఇద్దరికి పంచాది ఉన్నది, అది ఇంకో దినం రాస్త. కెమెరా అంటే మాత్రం ఒప్పుకున్నడు. దాంట్ల రీల్సు రావు, ఎవ్వలు ఫోను చెయ్యరు. మా అక్క పల్లికాయ తెంప వోయిన కూలి పైసలల్లకెల్లి ఏడు వేలు జమ చేసి నా చేతుల వెట్టింది. ఏడు వేలంటే ఎన్ని దినాలు నడుం వంచాలెనో చేన్ల పని చేసినోళ్లకు ఎర్కనే. ఆ పైసలు మట్టిల కలవొద్దు. గందుకే ఈ ఎతుకులాట.

ఫోన్ల ఎతికితే మొదలు కండ్లవడేటివి ఏందంటే, మూడు నాలుగు వేలకు పేరు లేని కెమెరాలు. డబ్బ మీద '48 మెగాపిక్సెల్, 4కె, 16 ఇంతల జూమ్' అని పెద్దగ రాసుంటది. మా వాడకట్టుల ఒకాయన కొడుకు కోసం అసొంటిదే ఒకటి తెప్పిచ్చిండు. నేను అడిగి తీసుకొని రెండు దినాలు నా దగ్గర పెట్టుకున్న. బటన్ ఒత్తి జూమ్ చేస్తే లెన్స్ ఉన్నకాన్నే ఉన్నది, ముందుకు రాలే. తెర మీద బొమ్మ మాత్రం పెద్దగయ్యింది. చెరువు కట్ట మీదికెల్లి కొంగను తీస్తే, కంప్యూటర్ల తెరిచి సూసినంక తెల్లటి సున్నం మరక లెక్క ఉన్నది. సెట్టింగ్‌ల 48 పెట్టి ఒకటి, 8 పెట్టి ఒకటి, ఒకే గోడ ఫొటో తీసిన. ఇటుకల సందులు రెండిట్ల ఒక్క తీరే. 48 దాంట్ల ఎక్కువున్నది ఫైల్ సైజే.

ఇదెట్ల చేస్తరంటే, లోపల సెన్సర్ 5దో 8దో 13దో ఉంటది. అది పట్టిన చుక్కల నడుమల సాఫ్ట్‌వేరు తన మనసుకొచ్చిన చుక్కలు పోసి 48 అనిపిస్తది. దీన్నే ఇంటర్‌పోలేషన్ అంటరు. గ్లాసెడు పాలల్ల ఐదు గ్లాసుల నీళ్లు వోసి, ఆరు గ్లాసుల పాలు అని అమ్మినట్టు. వివరాల కింద చిన్న అక్షరాలల్ల ఆ మాట రాసేటోళ్లు కొందరున్నరు, రాయనోళ్లు ఎక్కువ.

అసలు ఎన్ని మెగాపిక్సెల్స్ కావాలె? ఒక మెగాపిక్సెల్ అంటే పది లక్షల చుక్కలు. 4 ఇంచుల 6 ఇంచుల ఫొటో కడిగియ్యాలంటే ఇంచుకు 300 చుక్కల లెక్కన 1200 ఇంటు 1800, అంటే 22 లక్షల చుక్కలు కూడ కావు. రెండు మెగాపిక్సెల్స్ కంటే జరంత ఎక్కువ, అంతే. మా దిక్కు పెద్దమనుషులు కాలం చేస్తే గోడకు పెట్టే 12 ఇంటు 18 ఫ్రేముకు, ఇంచుకు 200 చుక్కలు పట్టినా 86 లక్షలు, తొమ్మిది మెగాపిక్సెల్స్‌ల అయిపోతది. కానీ అవి నిజమైన చుక్కలు కావాలె. నా దగ్గరికి ఎంతమంది ఏడ్సుకుంట వస్తరో చెప్తే నమ్మరు. అవ్వ చనిపోతది, ఇంట్ల అవ్వ ఫొటో అంటూ ఉండదు. ఆధార్ కార్డు మీదిదో, పింఛన్ బుక్కు మీదిదో పట్టుకొస్తరు, దాన్ని పెద్దగ చెయ్యమంటరు. గోరంత మొఖాన్ని గోడంత చేస్తే కండ్లేవో, రైక అంచేదో తెల్వదు. పేరు లేని డబ్బ తీసే 48 మెగాపిక్సెల్స్ కూడ ఆ ఆధార్ ఫొటోకు సుట్టమే.

కాబట్టి మొదలు సూడాల్సింది జూమ్. ఆప్టికల్ జూమ్ అని ఉండాలె. స్విచ్ ఒత్తంగనే గొట్టం లెక్క లెన్స్ బైటికి రావాలె, జూమ్ గుంజుతుంటే లోపల గాజులు జరగాలె. డిజిటల్ జూమ్ అంటే తీసిన బొమ్మను కత్తిరిచ్చి సాగదీసుడు, అది ఫోన్ల రెండేళ్లతోని మనమే చేస్తం. సంక్రాంతికి సింగోటం జాతరల మందిల నిలవడి రథం మీది దేవుని మొఖం తియ్యాలంటే మామూలు ఫోనుతోని కాదు. మీరు దగ్గరికి పోలేరు, రథం మీ దగ్గరికి రాదు. ఎనిమిదింతల ఆప్టికల్ జూమ్ ఉన్న పాత కెమెరా ఆడ ముప్పై వేల ఫోనును మించుతది. చిన్న కెమెరా కొనుటానికి నా లెక్కల ఉన్న పెద్ద కారణం ఇదొక్కటే.

రెండోది ఫ్లాష్. గాజు తునక లోపల టప్పున మెరిసేది జెనాన్ ఫ్లాష్. ఫోన్లల్ల, ఆ పేరు లేని కెమెరాలల్ల ఉండేది ఎల్ఈడీ లైటు, అది టార్చి. జెనాన్ మెరుపు క్షణంల వెయ్యో వంతుకు అటో ఇటో ఉంటది, అందుకే బతుకమ్మ సుట్టు తిరిగే ఆడోళ్ల చేతులు చప్పట్ల నడుమ ఆగి కనిపిస్తయి. అయితే చిన్న కెమెరా ఫ్లాష్ మూడు నాలుగు మీటర్లు దాటదు. ఎనుకున్నోళ్లు నల్లగనే వస్తరు.

రాత్రి సంగతి వచ్చింది కాబట్టి సెన్సర్ గురించి చెప్పాలె. ఈ రేటుల దొరికే కెమెరాలల్ల ఎక్కువ శాతం సెన్సర్ 1/2.3 ఇంచు అని ఉంటది. కొలిస్తే 6.17 మిల్లీమీటర్ల పొడుగు, 4.55 వెడల్పు, శనగ గింజంత. పెండ్లిళ్లల్ల మేము పట్టుకునే పెద్ద కెమెరాల సెన్సర్ దీనికి పదమూడింతలు. వాన పడ్తుంటే వాకిట్ల గిన్నె ఒకటి, గంగాళం ఒకటి పెడితె దేంట్ల ఎక్కువ నీళ్లు నిండుతయి? వెలుగు కూడ అంతే. ఇప్పుడొస్తున్న మంచి ఫోన్లల్ల సెన్సర్లు ఈ శనగ గింజ కంటే పెద్దగున్నయి. పైకెల్లి ఫోను ఒక్క దెబ్బకు పది ఫొటోలు తీసి కలిపి ఒకటి చేస్తది. అందుకే చీకట్ల ఫోను గెలుస్తది, చిన్న కెమెరా గరుకు గరుకు తీస్తది. ఇంకోటి, చిన్న కెమెరాల జూమ్ గుంజినకొద్ది లెన్స్ లోపలికి వచ్చే వెలుగు తగ్గుతది. పొద్దు గుంకినంక ఎనిమిదింతల జూమ్ ఉన్నా లేనట్టే లెక్క.

మరి ఏది కొనాలె? కొత్తయిల ఈ రేటు దగ్గర్ల నిజమైన జూమ్ ఉన్నయి చేతి వేళ్ల మీద లెక్కవెట్టొచ్చు. కోడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జెడ్ 45 ఉన్నది. 16 మెగాపిక్సెల్స్, 4 ఇంతల ఆప్టికల్ జూమ్, రెండు ఏఏ సెల్లుల మీద నడుస్తది. ఎఫ్‌జెడ్ 55 అయితే 5 ఇంతలు, చార్జింగ్ బ్యాటరీ. సెల్లులయితే మన కిరాణం దుకాణంల దొరుకుతయి గని తొందరగ దిగిపోతయి, చార్జింగ్ చేసుకునే ఏఏ సెల్లులు రెండు జతలు కొనుక్కుంటే నయం. కోడాక్ అని పేరు సూసి మన నాయినల కాలం కంపెనీ అనుకోకుండ్రి. 1975ల ప్రపంచంల మొట్టమొదటి డిజిటల్ కెమెరా చేసింది కోడాక్ ఇంజనీర్ స్టీవెన్ శాసనే. అది ఒక మెగాపిక్సెల్‌ల నూరో వంతు, ఒక్క ఫొటోను క్యాసెట్ మీదికి ఎక్కిచ్చుటానికి 23 సెకన్లు పట్టేది. అంత చేసిన కంపెనీ 2012ల దివాలా పిటిషన్ వేసి కెమెరాలు బంద్ చేసింది. ఇప్పుడు ఆ పేరును వేరే కంపెనీ కిరాయికి తీసుకొని అమ్ముతున్నది. కెమెరా చెడ్డదని అంటలేను, పేరు ఎవరిదో ఎర్కుండాలె అంతే.

రకాలు ఇంత తక్కువెందుకు అంటే, 2010ల ప్రపంచం మొత్తం మీద కంపెనీలు పంపిన చిన్న కెమెరాలు పది కోట్ల పైన. 2023ల పదిహేడు లక్షలు. ఫోన్లు వచ్చి ఊడ్చేసినయి. పెద్ద కంపెనీలు ఇడిచిపెట్టి పోయిన జాగల ఆ పేరు లేని డబ్బలు దూరినయి.

మాకున్న ఏడు వేలల్ల కొత్తది అందలే. పాతది తీసుకుందమని హైదరాబాద్ కోఠి దాకా పోయి వచ్చినం. పాతయిల కెనాన్ ఇక్సస్ 185, సోనీ సైబర్‌షాట్ డబ్ల్యూ 830 లాంటియి సూడొచ్చు. రెండూ 20 మెగాపిక్సెల్స్, 8 ఇంతల ఆప్టికల్ జూమ్, వీడియో మాత్రం 720 వరకే. అయితే ఈ నడుమ పట్నం పోరగాళ్లకు పాత డిజిటల్ కెమెరాల పిచ్చి లేసింది. ఆ పాత రంగులు ఇన్‌స్టాల మంచిగ కనిపిస్తయంట. దాంతోని నిరుడు ఎవ్వలు అడగనియి కూడ ఇయ్యాల 'వింటేజ్' అని రేటు వెంచి అమ్ముతున్నరు. రంగు సూసి కాదు, పని సూసి కొనాలె.

పాతదైతే అక్కన్నే నిలవడి పావుగంట పరీక్ష చెయ్యుండ్రి, దుకాణపాయన మొఖం మాడ్చుకున్నా సరే. జూమ్‌ను పదిసార్లు ముందుకు ఎనుకకు గుంజాలె. కరకర చప్పుడొచ్చినా, నడుమల ఆగినా లోపల దుమ్ము వడ్డట్టు. మనది ఎర్రమట్టి, దుబ్బ దేశం, ఈ రోగం ఇక్కడికెల్లి పోయిన కెమెరాలకు ఎక్కువ. ఫోను టార్చి లెన్స్‌లకు కొట్టి పక్కకెల్లి సూడాలె. సాలెపురుగు గూడు లెక్క తెల్లగ ఉంటే అది బూజు, తుడిస్తే పోదు. లెన్స్‌ను అరచేతితోని మూసి ఒక ఫొటో తియ్యాలె, నల్లటి బొమ్మల ఎర్రటి, తెల్లటి చుక్కలు మస్తుగుంటే సెన్సర్ అలిసిపోయింది. ఫ్లాష్ ఐదుసార్లు వరుసగ కొట్టాలె. బ్యాటరీ బైటికి తీసి బల్ల మీద పెడితె అటిటు ఊగొద్దు, ఊగుతున్నదంటే ఉబ్బింది. కార్డు ఏదో సూడుండ్రి. పాత ఒలింపస్, ఫ్యూజీ కెమెరాలు కొన్ని ఎక్స్‌డీ అనే కార్డు తీసుకుంటయి, అది ఇప్పుడు కొనబోతే దొరకది. శాన పాతయి 2 జీబీ దాటిన ఎస్‌డీ కార్డును గుర్తువట్టయి. చార్జర్ లేకుంటే దాని రేటు తీసేసి బేరమాడుండ్రి.

మేము పట్టుకొచ్చింది 8 ఇంతల జూమ్‌ది, నాలుగు వేల ఎనిమిది నూర్లు. కార్డు, ఇంకో బ్యాటరీ, చేతికి తగిలిచ్చుకునే దారం, ఒక సంచి కలిపి ఆరు వేల లోపలే అయింది. మిగిలినయి ఫొటోలు కడిగిచ్చుటానికి పెట్టమని మా అక్కకు ఇచ్చిన. వాడుకంల ఒక ఇబ్బంది ముందే చెప్పాలె. ఈ కెమెరాలకు కన్ను పెట్టి సూసే కిటికి ఉండదు, ఎనుక తెరనే సూడాలె. మన ఎండకాలం పన్నెండు గంటలకు ఆ తెర మీద మన మొఖమే కనిపిస్తది. నెత్తి మీద తువ్వాల కప్పుకొని సూడుడే మార్గం.

ఇగ నేర్చుకునుడు. బటన్ ఒక్కసారి దబ్బున నొక్కొద్దు. సగం నొక్కితే లెన్స్ గురి చూసుకుంటది, తెర మీద పచ్చటి చదరం వస్తది, అప్పుడు మిగిలిన సగం. ఇది పట్టువడుటానికి మా పిల్లకు వారం పట్టింది. బటన్ కింద చేతికి తగిలే ఆ రెండు మెట్లు ఫోను తెర మీద ఉండయి, పెద్ద కెమెరా పట్టినా ఇదే అలవాటు పనికొస్తది. ఏం తియ్యాలె మామా అంటే, ఓరుగల్లు భరత్ భూషణ్ తీసిన బతుకమ్మలు, పల్లె దర్వాజల ఫొటోలు ఎతికి సూపిచ్చిన. ఆయన 2022ల చనిపోయిండు. దర్వాజ కదలదు, కిరాయి అడగది, నేర్చుకునేటోళ్లకు దాన్ని మించింది లేదు.

తర్వాత పత్తి చేన్లకు తీసుకపోయిన. పత్తి పలిగి తెల్లగున్నది, ఫొటోల బూడిద రంగు వచ్చింది. కెమెరా పాడైందేమో అని పిల్ల బుగులువడ్డది. కెమెరాకు తెలుపు తెల్వదు, నలుపు తెల్వదు. ఎదురుంగ ఏమున్నా దాన్ని నడిమి రంగుకు తేవాలని సూస్తది. తెల్లటి దాన్ని మసక చేస్తది, నల్లటి దాన్ని తెల్లగ చేస్తది. నల్లటి మా పెద్దవ్వ సున్నం గోడ ముందట నిలవడితె మొఖం బొగ్గయ్యేది కూడ ఈ తిక్కతోనే. దానికి మెనూల ప్లస్, మైనస్ అని ఒక గీత ఉంటది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటరు. తెల్లటి దాని ముందట ప్లస్ ఒకటి పెడితె పత్తి పత్తి లెక్కనే వస్తది, అవ్వ మొఖం మీది గీతలు కనిపిస్తయి. కొన్ని కెమెరాలల్ల ఆటో మోడ్‌ల ఈ గీత కనిపియ్యది, 'పి' మోడ్‌కు మార్చాలె. పేరు లేని డబ్బలల్ల అది ఉన్నా ఫొటోల ఫరక్ కనిపియ్యదు. దుకాణంల పైసలు ఇచ్చేముందు ఆ గీత ఎక్కడున్నదో చూపియ్యమని అడగుండ్రి, తెల్ల కాయితం ముందట పెట్టి ప్లస్ ఒకటి, మైనస్ ఒకటి తీసి సూసినంకనే జేబుల చెయ్యి పెట్టుండ్రి.