కోడిపిల్లల్లో పెట్ట ఏది, పుంజు ఏది? వయసును బట్టి ఇలా గుర్తుపట్టండి

పెరట్లో నాలుగు కోళ్లుంటే ఇంట్లో గుడ్లకు లోటుండదు. చాలా ఇళ్లలో అమ్మీలు, నానీలు మిగిలిన గుడ్లు అమ్ముకుని చిల్లర ఖర్చులు వెళ్లదీస్తారు. అందుకే సంతలో పిల్లల్ని కొనేటప్పుడు "అన్నీ పెట్టలేనా?" అని అడుగుతాం. అమ్మేవాళ్లు "అన్నీ పెట్టలే" అంటారు. ఐదు నెలలు నూకలు, దాణా పెట్టి పెంచాక పదింట్లో ఏడు కొక్కొరోకో అంటే గుడ్ల ఆశ అక్కడే పోతుంది. ముందే తెలుసుకునే దారి ఉందా? ఉంది, కానీ మొదటి రోజే కాదు.

గుడ్డును చూసి చెప్పగలమా?

మొన తేలిన గుడ్డులో పుంజు, గుండ్రటి గుడ్డులో పెట్ట ఉంటుందని పెద్దవాళ్లు అంటారు. కొందరు దారానికి సూది కట్టి గుడ్డు మీద ఊపి చూస్తారు. ఈ రెండూ నిజం కావు. పుంజులో రెండు జెడ్ క్రోమోజోములు ఉంటాయి, పెట్టలో ఒక జెడ్, ఒక డబ్ల్యూ. అంటే పిల్ల ఆడో మగో తల్లి కోడి నుంచే నిర్ణయమవుతుంది, అదీ గుడ్డు పెట్టకముందే. పొదిగే 21 రోజుల్లో మనం ఏం చేసినా అది మారదు. మొత్తం మీద సగం పెట్టలు, సగం పుంజులు పుడతాయి. ఒక్క పొదుగులో మాత్రం లెక్క అటూఇటూ కావచ్చు.

ఒక్కరోజు పిల్లల్లో...

పిల్ల మలద్వారం లోపల చూసి గుర్తుపట్టే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్తలు 1920ల్లో కనిపెట్టారు. హేచరీల్లో శిక్షణ పొందినవాళ్లే ఈ పని చేస్తారు. ఇంట్లో ప్రయత్నించకండి, నొక్కితే పిల్ల చచ్చిపోవచ్చు. రెక్క ఈకలు చూసి చెప్పే పద్ధతి కూడా అందుకోసం ప్రత్యేకంగా తయారుచేసిన జాతుల్లోనే పనిచేస్తుంది, నాటుకోళ్లలో నమ్మలేం.

ఇంకో మాట. వీధుల్లో రంగులు పూసి పిల్లలకు అమ్మే కోడిపిల్లలు ఎక్కువగా గుడ్ల జాతుల మగపిల్లలే. గుడ్లు పెట్టవు కాబట్టి హేచరీలు వాటిని చౌకగా వదిలించుకుంటాయి. గుడ్ల కోసమైతే అవి కొనొద్దు.

పెరిగేకొద్దీ కనిపించే గుర్తులు

నెల దాటాక: పెట్టలకు తోక, రెక్కల ఈకలు త్వరగా వస్తాయి. పుంజులు కొంతకాలం బోసితోకతో తిరుగుతాయి. వాటి కాళ్లు కూడా లావుగా ఉంటాయి.

ఆరు వారాలకు: పుంజు తలమీది తురాయి పెద్దదై ఎర్రబడుతుంది. పెట్టది చిన్నగా, పాలిపోయి ఉంటుంది.

మూడు నెలలు దాటాక: మెడ మీద, తోక మొదట్లో ఈకలు చూడండి. పుంజుకు పొడవుగా, మొన తేలి, మెరుస్తూ ఉంటాయి. పెట్టకు పొట్టిగా, గుండ్రంగా ఉంటాయి. అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇదే. తర్వాత పుంజు తోకలో కొడవలిలా వంగిన ఈకలు వస్తాయి, కూత మొదలవుతుంది.

ఇక్కడ పొరబడకండి

ఒకే జాతి, ఒకే వయసు పిల్లల్నే పక్కపక్కన పెట్టి పోల్చాలి. అసిల్ కోళ్లలో తురాయి చిన్నగా ఉంటుంది కాబట్టి పుంజును పెట్ట అనుకునే ప్రమాదం ఉంది. వాటిలో కాళ్లు, మెడ, ఈకలు చూడండి. గుడ్లకు వచ్చే ముందు పెట్ట తురాయి కూడా ఎర్రబడుతుంది, దాన్ని పుంజనుకుని కోసేయకండి. కాలి ముల్లు ఒక్కటే చూసి తేల్చొద్దు, ముదురు పెట్టలకూ అది రావచ్చు.

అనుమానమున్న పిల్లల కాలికి రంగు దారం వదులుగా కట్టండి. కాలు లావయ్యేకొద్దీ మార్చాలి. మూడు నెలలు దాటాక ఈకలు చూసి నిర్ణయం తీసుకోండి. పెట్ట గుడ్లు పెట్టడానికి పుంజు అక్కర్లేదు. పిల్లల్ని పొదిగించాలనుకుంటే ఎనిమిది, పది పెట్టలకు ఒక్క పుంజు చాలు. మిగతావి అమ్మినా, దావత్‌కు ఉంచినా దాణా ఖర్చు మిగులుతుంది.